నలభై ఎనిమిది అంకెల తాళం

కార్తీక బహుళ అష్టమి, ఎగువ పేట

మా పేట ల్యాప్‌టాప్‌కి కొత్త ఫర్మ్‌వేర్, అంటే మిషన్‌ని నిద్రలేపే మూల ప్రోగ్రాం, ఎక్కించాను. తొమ్మిది నిమిషాలు పట్టింది. బ్యాటరీ అరవై దాటాకే మొదలుపెట్టాను, ఛార్జర్ తీయలేదు, మధ్యలో ఫ్యాను ఎంత గోల చేసినా మూత ముట్టుకోలేదు. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నా తర్వాత ఈ పనికి వచ్చేవాళ్ళు కూడా నాలాగే ఒకరు చెబితే వినే రకం కాకపోవచ్చు. రాసి పెడితే కనీసం చదివి తిట్టుకుంటారు.

నా పేరు నూకరత్నం. సముద్రపు గట్టు మీద మూడు పేటలు, మూడు పెద్ద షట్టర్లు. ఒక్కో షట్టర్‌ని ఒక్కో పాత ల్యాప్‌టాప్ నడుపుతుంది. పోటు వేళకి దించుతుంది, ఆటు వేళకి లేపి మురుగు బయటికి వదులుతుంది. మూడింటివీ మూడు వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు. మాది పచ్చ అక్షరాలది, నడిమి పేటది తెల్ల స్క్రీన్‌ది, దిగువ పేటది నీలి స్క్రీన్‌ది. షట్టర్‌తో మాట్లాడించే డ్రైవర్ ప్రోగ్రాం ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు. ఆ మాటకొస్తే ఒక పేట మనిషి ఇంకో పేటకి పనికిరాడు.

ఇప్పుడొచ్చిన చిక్కేమిటంటే, పాత ఫర్మ్‌వేర్‌లోని గడియారం ఈ అమావాస్యతో అయిపోతుంది. ఆ పైన దానికి తేదీ లేదు. తేదీ తప్పిన మిషన్ మాట షట్టర్ వినదు. మిషన్ నుంచి ఇరవై నాలుగు గంటలు సరైన కబురు రాకపోతే బ్రేకు వదిలేస్తుంది, రాతి దిమ్మెల బరువుకి అదే పైకి లేస్తుంది. కరెంటు తీసేసినా అంతే. చేత్తో తిప్పే పళ్ళచక్రాలు నా చిన్నప్పుడే తుప్పు పట్టిపోయాయి. కట్టినవాళ్ళు నదికి వరదొస్తే నీళ్ళు సముద్రంలోకి పోవాలని అలా కట్టారు. ఇప్పుడు నది లేదు. సముద్రం మాత్రం గట్టుకి అవతల మా ఇంటి చూరు ఎత్తున నిలబడి ఉంది. ఏ ఒక్క షట్టర్ లేచినా మూడు పేటలూ పోతాయి, పంతొమ్మిది వందల మంది.

ఫర్మ్‌వేరూ, మూడు సిస్టమ్‌ల డ్రైవర్లూ నా మెడలో తాడుకి వేలాడే పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. మా మేనత్త పదహారేళ్ళు కూర్చుని రాసింది. ఆవిడ పోయాక నాకొచ్చింది.

పేట దాటి ఇంకొకళ్ళ మిషన్ ముట్టుకోవాలంటే పూచీ పెట్టాలి. సొంత మనిషిని షట్టర్ పక్కనున్న గుంటలో దింపి, పైన ఇనప జాలీ వేసి గడియ పెడతారు. మిషన్ లేస్తే మనిషి పైకొస్తాడు. ముట్టుకున్నవాళ్ళు ఏ తప్పు చేసినా దాని లెక్క ఆ మనిషి మీదే తీర్చుకుంటారు. నాకున్న సొంత మనిషి ఒక్కడే, తమ్ముడు లోవరాజు. రేపు బయల్దేరదాం రా అంటే, భోజనం వాళ్ళే పెడతారా అని అడిగాడు.

దశమి, నడిమి పేట

తెల్ల స్క్రీన్ సిస్టమ్‌కి ఫర్మ్‌వేర్ లోపలి నుంచే ఎక్కుతుంది. ఫైలు నొక్కితే చాలు, అదే రెండుసార్లు రీస్టార్ట్ అవుతుంది. రెండోసారి స్క్రీన్ ఆరు నిమిషాలు నల్లగా ఉండిపోతుంది. ఈ మాట ముందే చెప్పాను. పేట పెద్ద జోగారావు తల ఊపాడు. చెప్పింది విన్నాడనుకున్నాను.

ఇక్కడో ఆచారం ఉంది. స్క్రీన్ నల్లబడగానే పేటంతా గొంతు కలిపి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు. మూడు వందలకి వెలుగు రాకపోతే మిషన్ చచ్చిందని లెక్క. ఆ ఆచారం ఎవరు పెట్టారో గానీ వాళ్ళ కాలంలో మిషన్లు చురుగ్గా ఉండి ఉంటాయి. మూడు వందలు వచ్చింది, స్క్రీన్ నల్లగానే ఉంది. ఇంకో నిమిషం ఆగండి అని అరిచాను. ఒకడు వచ్చి పవర్ బటన్ మీద వేలు పెట్టబోయాడు. ఆ క్షణంలో బటన్ నొక్కితే బోర్డు ఎందుకూ పనికిరాకుండా పోతుంది, దానికి మందు లేదు. నా చేతిలో రెంచీ ఉంది. వాడి చేతి మీద కొట్టాను. రెండు వేళ్ళు విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

అంతే, మీద పడ్డారు. నేను ల్యాప్‌టాప్ మీదకి వంగి వీపు అప్పగించాను. వెనక గుంట దగ్గర ఇద్దరు జాలీ సందులోంచి గడ్డపార దింపి పొడుస్తున్నారు. లోవరాజు అరవలేదు. వాడి మోకాలి కింద ఎముక విరిగాక అరిచాడు. లెక్క మూడు వందల నలభై దగ్గర స్క్రీన్ తెల్లగా వెలిగింది.

వెంటనే అందరూ మర్యాదస్తులైపోయారు. మజ్జిగ తెచ్చారు. లోవరాజు కాలికి వెదురు బద్దలు కట్టారు. కొత్త షట్టర్ డ్రైవర్ పెట్టడానికి ఇంకో పావుగంట పట్టింది, ఆ పావుగంటా నాకు విసనకర్రతో విసిరారు. జోగారావు వచ్చి, ఏమీ అనుకోవద్దు, మాకూ పిల్లాజెల్లా ఉన్నారు కదండీ అన్నాడు. ఇందాకటి దాకా మావాడికి రెండు కాళ్ళుండేవి అన్నాను.

ద్వాదశి, కాలవ గట్టు

ఇవాళ ఒక మనిషిని చంపాను.

లోవరాజుని తోపుడు బండిలో కూర్చోబెట్టి దిగువ పేటకి తోసుకెళ్తున్నాను. పొద్దున్నే మంచు. తూటుపొదల్లోంచి ఒకడు లేచాడు. మొహానికి తడి తువ్వాలు చుట్టుకున్నాడు, కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. చేతిలో చేపలు కోసే కత్తి. నా పీకకి పెడతాడనుకున్నాను, కానీ మెడలో తాడు పట్టుకుని లాగాడు. వాడికి కావలసింది పెన్‌డ్రైవ్.

లోవరాజు బండిలోంచే వాడి నడుం పట్టుకున్నాడు. వాడు కత్తి తిప్పి తమ్ముడి ముంజేతిని మోచేతి దాకా చీల్చాడు. నేను రెంచీ ఎత్తి భుజం మీద ఒక్కటిచ్చాను. మోకాళ్ళ మీద పడ్డాడు, కత్తి కాలవలోకి జారింది. ఒక చెయ్యి పైకెత్తి ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు. రెండోది తల మీద కొట్టాను. తడి కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది, ఇంక కదల్లేదు.

తువ్వాలు తీసి చూద్దాం అక్కా అన్నాడు లోవరాజు. వద్దన్నాను. ఆటు నడుస్తోంది, కాలవ నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. కాలితో తోశాను, పోయాడు. నాకు మొదట భయం వేసింది, తర్వాత సంతోషం వేసింది. ఆ సంతోషానికి సిగ్గుపడాలని తెలుసు, ఇంకా పడలేదు.

చతుర్దశి, దిగువ పేట

నీలి స్క్రీన్ సిస్టమ్‌లో డిస్క్‌కి తాళం ఉంటుంది. ఫర్మ్‌వేర్ మారితే, తనని ఎవరో ఎత్తుకుపోయారని మిషన్‌కి అనుమానం వస్తుంది. నలభై ఎనిమిది అంకెల తాళంచెవి చెబితే గాని లోపలికి రానివ్వదు. అందుకని ఫర్మ్‌వేర్ ఎక్కించే ముందు తాళాన్ని ఒక్కసారికి ఆపి ఉంచాలి. రెండు నొక్కుల పని.

ఈ పేటకి పెద్ద పేరంటాలమ్మ, డెబ్భై ఏళ్ళ మనిషి. ఆపడానికి ఒప్పుకోలేదు. ఇరవయ్యేళ్ళ కిందట నడిమి పేట మనిషెవడో తాళంచెవి రాసిన కాయితం చూసి, మిషన్ తెరిచి, పోటు వేళ షట్టర్ లేపేశాడు. అప్పటికి సముద్రం ఇంత ఎత్తు లేదు, అయినా ఒక్క పూటలో రెండు వందల పన్నెండు మంది పోయారు. అప్పుడు ఆ కాయితం కాల్చేసి, అంకెలు ఎనిమిది ఇళ్ళకి పంచుకున్నారు, ఇంటికి ఆరు. ఆ ఇంటి పెద్దని అంకెదారు అంటారు. ఆ ఆరంకెలు రాయకూడదు, నిద్రలో కూడా పలకకూడదు, అంకెదారు కాలవ దాటకూడదు. ప్రాణం పోయే ముందు మాత్రమే వారసుడి చెవిలో చెప్పాలి.

“తాళం ఒక్క నిమిషం కూడా తియ్యనివ్వనమ్మా. అడిగితే అడగనియ్. ఎనిమిది మందిమీ ఇక్కడే ఏడిశాం, వచ్చి చెబుతాం” అంది.

అలాగైతే ముందు ఎనిమిది మందినీ తెచ్చి కూర్చోబెట్టండి అని అడగాల్సింది. అడగలేదు. విరిగిన కాలితో, కుట్లు వేసిన చేతితో తమ్ముడు గుంటలో ఉన్నాడు. వాణ్ణి తొందరగా పైకి తీయాలన్న ఆత్రం తప్ప నాకు ఇంకేమీ తోచలేదు. ఇది నా తప్పు, రాసి పెడుతున్నాను.

పొద్దున తొమ్మిదింటికి ఫర్మ్‌వేర్ ఎక్కింది. స్క్రీన్ నీలంగా వెలిగి అంకెలు అడిగింది. అడ్డంగా దుప్పటి కట్టారు. అంకెదార్లు ఒక్కొక్కరే దుప్పటి వెనక్కి వెళ్ళి, తమ ఆరూ కొట్టి, ఎవరి మొహం చూడకుండా బయటికి వస్తున్నారు. అయిదుగురు అయ్యారు. ఆరో ఇంటి నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. వరహాలమ్మట. నలభై అయిదేళ్ళుంటాయి, చేతులకి చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి. అంకెదారు ఆమె భర్త బంగారయ్య.

ఆయన మొన్న తెల్లారకుండానే వెళ్ళారు, ఇంకా రాలేదండి అంది. ఎక్కడికని పేరంటాలమ్మ గద్దించింది. కాలవ దాటారండి అని వరహాలమ్మ ఒప్పుకుంది. ఆ వరదలో ఆయన తల్లీ ఇద్దరు చెల్లెళ్ళూ పోయారట. ఫర్మ్‌వేర్ తెచ్చే మనిషిని నడిమి పేటవాళ్ళు కొనేసి ఉంటారని, పెన్‌డ్రైవ్ మన చేతికొస్తే మనమే చూసుకుంటామని వారం రోజులుగా అనేవారట. ఇంట్లో చేపల కత్తి కూడా కనిపించడం లేదంది.

చెయ్యెత్తిన ఆ మనిషే గుర్తొచ్చాడు. ఆ తల లోపల ఆరంకెలున్నాయి, నేనే పగలగొట్టాను.

ఇంకో దారి ఉంది, చెప్పాను. డిస్క్ మొత్తం చెరిపేసి మా పచ్చ సిస్టమ్ ఎక్కిస్తే షట్టర్ నడుస్తుంది, నలభై నిమిషాల పని. పెన్‌డ్రైవ్ మీంచి నేరుగా నడపడానికి లేదు, షట్టర్ డ్రైవర్ డిస్క్ మీద తప్ప కూర్చోదు. ఆ డిస్క్ బోర్డుకే అతికించి ఉంది, ఊడబీకి దాచడానికీ లేదు. పేరంటాలమ్మ నా మొహం మీద ఉమ్మినంత పని చేసింది. ముప్పై ఒక్క ఏళ్ళ పుట్టుకలూ చావులూ అందులోనే ఉన్నాయి. పోయిన రెండు వందల పన్నెండు మంది గొంతులున్నాయి. ప్రతి ఏడూ ఆ రోజున అందరూ కూర్చుని వింటారట. బంగారయ్య వస్తాడు, రేపు తొమ్మిది దాకా వేళ ఉంది కదా, ఆగమంది. వెతకడానికి మనుషుల్ని పంపింది.

నేను నోరు విప్పలేదు. విప్పితే ముందు చచ్చేది గుంటలో వాడు. విప్పకపోతే రేపు షట్టర్ లేచినప్పుడు ముందు మునిగేదీ వాడే. సాయంత్రం జాలీ దగ్గర కూర్చుని సంగతి చెప్పాను. లోవరాజు అంతా విన్నాడు. తర్వాత, దాహంగా ఉంది అక్కా, కాసిని మంచినీళ్ళు ఇప్పించు అన్నాడు.

అమావాస్య, దిగువ పేట

ఇది మధ్యాహ్నం రాస్తున్నాను. చేతులు బాగానే ఉన్నాయి. మిగతా ఒళ్ళు బాగాలేదు.

పొద్దున ఎనిమిది అయినా వాళ్ళు మిషన్ ముందు కూర్చుని బంగారయ్య కోసం దారి చూస్తున్నారు. వెతకడానికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు, ఏమీ దొరకలేదు. ఇంకో గంటలో బ్రేకు వదులుతుంది. పెద్ద పోటు తొమ్మిదిన్నరకి. వరహాలమ్మ గుమ్మంలో నిలబడి వీధి వైపు చూస్తోంది. నాకు ఇంక పట్టలేదు.

“ఆయన రాడు. ద్వాదశి పొద్దున కాలవ గట్టు మీద నేనే చంపాను. ఎవరో తెలీదు, మొహానికి తువ్వాలుంది” అన్నాను.

మొదటి దెబ్బ ఎవరు కొట్టారో చూడలేదు. కింద పడ్డాక పక్కటెముకల్లో తన్నారు. ఎవరో జుట్టు పట్టుకుని నా తల గచ్చుకేసి కొట్టారు. ఒక పన్ను ఊడి నాలుక మీదకి వచ్చింది. పేరంటాలమ్మ కర్ర నేలకి తాటించి ఒకే మాట అంది: “దాని చేతులు ముట్టుకోకండి.” వాళ్ళు ముట్టుకోలేదు. చేతులు వదిలేసి మిగతాదంతా కొట్టారు.

వరహాలమ్మ కొట్టలేదు. నా పక్కన గొంతుక్కూర్చుంది.

“ఆఖర్న ఏవన్నా అన్నారా?”

“చెయ్యెత్తాడు. ఏదో చెప్పబోయాడు. నేను వినలేదమ్మా.”

ఆమె కళ్ళు మూసుకుంది. పేరంటాలమ్మ ల్యాప్‌టాప్ దగ్గరకి నడిచింది. దాని మూత మీద అరచెయ్యి వేసి నిమిరింది. తర్వాత, చెరిపెయ్యి, రక్తం లెక్క గేటు చేతికొచ్చాక చూసుకుందాం అంది. అప్పటికి ఎనిమిదీ ఇరవై నాలుగు.

పెన్‌డ్రైవ్ పెట్టి, ఫర్మ్‌వేర్ మెనూలోకి వెళ్ళి అది ముందు లేచేలా మార్చాను. డిస్క్ మీద ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడిగింది. సరే అన్నాను. వెనక ఎవరో ముసలాయన ఏడవడం మొదలుపెట్టాడు. నా నోట్లోంచి రక్తం కీబోర్డు మీద పడుతుంటే చెంగుతో తుడుచుకుంటూ కొట్టాను. సిస్టమ్ ఎక్కింది, రీస్టార్ట్ అయింది. షట్టర్ డ్రైవర్ మొదటిసారి కూర్చోలేదు. ఈ బోర్డుకి పాత రకం పోర్టు ఉంది, దానికి ఇంకో చిన్న డ్రైవర్ ముందు పెట్టాలి. అది వెతికేసరికి ఆరు నిమిషాలు పోయాయి.

సరిగ్గా తొమ్మిదింటికి బ్రేకు వదిలింది. దిమ్మెలు కిందకి దిగాయి, షట్టర్ లేచింది. గట్టంతా అదిరింది. నీళ్ళు మొదట గుంటలోకే దూకాయి. అక్కా అని ఒక్క కేక వినబడింది, ఆ తర్వాత నీళ్ళ హోరు తప్ప ఇంకేమీ వినబడలేదు. మిషన్ ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు అడుగుతోంది, జవాబు చెప్పకపోతే ఆగిపోతుంది. నేను లేవలేదు. నా తమ్ముడు మునుగుతుంటే కూర్చుని నొక్కుతూనే ఉన్నాను. నన్ను ఎవరేమన్నా అనుకోండి, లేవలేదు. ఇళ్ళ వైపు నుంచి ఆడవాళ్ళ అరుపులు, పశువుల అరుపులు. నీళ్ళు నా చీలమండల దాకా వచ్చాయి.

తొమ్మిదీ నాలుగు నిమిషాలకి రెండో రీస్టార్ట్ అయింది. పచ్చ అక్షరాలు వచ్చాయి, షట్టర్ దొరికిందని చూపించింది. దించమన్నాను. మోటారు మూలిగింది, షట్టర్ దిగింది. పోటు వచ్చి దాన్ని గుద్దుకుంది, ఆగింది.

గుంట దగ్గరకి పాకాను. లోవరాజు జాలీకి వేళ్ళు దూర్చి వేలాడుతున్నాడు, నీళ్ళ పైన మొహం ఒక్కటే ఉంది. ఊపిరి తీస్తున్నాడు. జాలీ తీసి పైకి లాగి గచ్చు మీద పడుకోబెట్టారు. వాడు బతికాడని నాకు ఎంత సంతోషం వేసిందంటే, రక్తం లెక్క సంగతే మర్చిపోయాను.

పేరంటాలమ్మ మర్చిపోలేదు. చంపింది నేనే కదా, నన్నే చంపండి అన్నాను. పూచీ అంటే ఏమిటనుకున్నావు అంది. నన్ను ఇద్దరు పట్టుకున్నారు. నా రెంచీ తెచ్చి వరహాలమ్మ చేతికిచ్చారు.

లోవరాజు తల తిప్పి నా కోసం వెతికాడు.

“అక్కా, గేటు దిగిందా?”

“దిగిందిరా.”

వాడు తల ఊపి ఆమె వైపు చూశాడు. చెయ్యి ఎత్తలేదు, బతిమాలలేదు. ఆమె భర్తని నేను రెండు దెబ్బలు కొట్టాను. ఆమె ఒక్కటే కొట్టింది. ఆ ఒక్కటే సరిపోయింది.

మార్గశిర శుద్ధ పాడ్యమి, దిగువ పేట

వెళ్ళనిస్తారనుకున్నాను. తమ్ముణ్ణి బండిలో పడుకోబెట్టి దుప్పటి కప్పాను. బండి వాకిట్లోనే ఉంది. పేరంటాలమ్మ కబురు పెట్టింది. పచ్చ సిస్టమ్ ఈ పేటలో ఒక్కరికీ రాదు. పోటు వేళలు రోజూ నింపాలి, డ్రైవర్ చూసుకోవాలి, లేకపోతే రేపో ఎల్లుండో మళ్ళీ షట్టర్ లేస్తుంది. ఎవరికైనా నేర్పి పొమ్మంది. ఎవరికని అడిగాను. అంకె పోయిన ఇంటికి ఏదో ఒక పని ఉండాలి కదా అంది.

వరహాలమ్మ వచ్చి నా పక్కన పీట మీద కూర్చుంది. తలస్నానం చేసింది, చేతులు కడుక్కుంది. ఇద్దరి మోచేతులూ తగులుతున్నాయి. ఆమె చెయ్యి జరుపుకోలేదు, నేనూ జరుపుకోలేదు. ఆమెని చంపాలని ఉంది నాకు. ఆమెకీ నన్ను చంపాలనే ఉండి ఉంటుంది. పోటుకి ఇంకా ముప్పావుగంట ఉంది.

“మొదట ఛార్జర్ చూసుకోవాలమ్మా. ఆ తర్వాతే ఏదైనా” అన్నాను. ఆమె వంగి వైరు తడిమి చూసింది, సరిగ్గానే ఉందంది. తేదీ నింపడం చూపించాను, వేళ నింపడం చూపించాను. రెండుసార్లు తప్పు కొట్టింది, మూడోసారి కుదిరింది.

“ఇప్పుడేది నొక్కాలండి?” అంది.

చెప్పాను. ఆమె నొక్కింది. షట్టర్ దిగింది.

ఇంక వెళ్ళమన్నారు. ఎగువ పేటకి ఒక్కదాన్నే బండి తోసుకెళ్ళాలి.